మా కూటి చరిత్ర – 9: దాచుకునే ఉప్పు, నాలుక ఉప్పు



పోయినసారి జొన్న సంగటి గురించి రాస్తే, నరసరావుపేట హాస్టల్లో చదువుకునే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, సంగటిలోకి ఏం నంజుకునేవాళ్ళో రాయలేదే?" చాలా రోజులు ఉప్పూ కారమే తమ్ముడూ. ఎండుమిరపకాయలు, ఉప్పు, ఇంత చింతపండు రోట్లో నూరితే కూర అయిపోయినట్టే. అందుకే ఈసారి ఉప్పు కథ చెబుతాను. మా ఇంట్లో ఈ కథ అమ్మ బీపీతో మొదలైంది.

మాది కోటప్పకొండ కింద ఒక వాడ. శివరాత్రి తిరునాళ్ళకు ప్రభల లైట్లు మా ఇంటి ముందు నుంచే కనపడతాయి. మా నాయన పక్షవాతంతో పోయాడు. ఆయనకు బీపీ ఉందని ఆ రోజు దాకా మాకెవరికీ తెలీదు. ఆ తర్వాత నాలుగేళ్ళకు, ఒక వైద్య శిబిరంలో అమ్మకు చూస్తే 180/110. అక్కడి డాక్టరు చీటీ రాస్తూ తలెత్తకుండానే అన్నాడు: "ఎండు చేపలు, ఎండు మాంసం, పచ్చళ్ళు... మీ వాళ్ళు మానరు. మీ తిండే అంత."

అమ్మ అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక అడిగింది: "అబ్బయ్యా, ఆయన నా తిండినన్నాడా, నన్నన్నాడా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది. డాక్టరు చెప్పిన జబ్బు నిజం, దాన్ని కాదంటే అమ్మ కూడా మిగలదు. కానీ ఆయన చెప్పిన కారణం నిజం కాదు. ఆవకాయలో ఉప్పు లేదా? అప్పడాల్లో, వడియాల్లో, ఊరమిరపకాయల్లో లేదా? అవి తినేవాళ్ళకూ బీపీ వస్తుంది. వాళ్ళకు "ఉప్పు తగ్గించండి" అని చెబుతారు. మనకు మాత్రం "మీ తిండే అంత" అంటారు. ఒకే జబ్బుకు వాళ్ళకు సలహా దొరుకుతుంది, మనకు నింద దొరుకుతుంది.

పల్నాడు తిండిని ఎగతాళి చేయడం పాత అలవాటే. ఇక్కడి జొన్నకూటిని వెక్కిరించే చాటువులు శ్రీనాథుడి పేరున ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇదే పల్నాడు ఇంకో కథ కూడా చెప్పుకుంటుంది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని, మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడని. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు ఇప్పటికీ నడుస్తుంది. మరి మిగతా రోజుల మాట? మా నాయనమ్మ చెప్పిన కూడు చాప మీదది కాదు. పెద్దిళ్ళ పెరటి గుమ్మం దగ్గర, పైనుంచి చట్టిలో పోసిన కూడు.

ఆ కూడు రేపు ఉంటుందో లేదో తెలీదు. ఉప్పు మన వంటింట్లోకి వచ్చింది ఆ భయంతోనే.

ఒట్టి తునకలనే తీసుకోండి. మాంసం దొరికిన రోజు ఒక్కసారే దొరికేది. పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద మూడు నాలుగు రోజులు ఎండబెట్టేవాళ్ళు. కుండలో దాస్తే నెలల తరబడి నిలిచేది. వానలకు పనుల్లేని రోజుల్లో ఆ నాలుగు తునకలే ఆ ఇంటి ఆస్తి. ఎండు చేపలదీ అదే కథ. ఇదంతా దాచుకునే ఉప్పు. నాలుక అడిగిన ఉప్పు అందులో కొంచెమే. చచ్చిన గొడ్డు మాంసం మానేయమని బాబాసాహెబ్ 1927లో మహాడ్‌లో చెప్పాడు. మన పెద్దలు మానేశారు కూడా. కానీ దాచుకునే అలవాటు తేలిగ్గా పోలేదు. దాని కింద ఉన్న భయం పోలేదు కాబట్టి.

ఆ దాచుకునే ఉప్పైనా ఊరికే రాలేదు. 1805లో కంపెనీ వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తమ గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నారు. సముద్రం మన పక్కనే, చినగంజాం మన పక్కనే, ఉప్పు మాత్రం సర్కారుది. 1876–78లో ధాత కరువు వచ్చింది. కరువు పనుల్లో మొగ మనిషి కూలి రోజుకు ఒక పౌను ధాన్యానికీ ఒక అణాకూ తగ్గించారు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ కరువులోనే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అందులో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని మన వాళ్ళకు, ముఖ్యంగా మాదిగలకు పని ఇచ్చాడు. తర్వాత ఆ కాలువలో పడవల మీద ఉప్పు నడిచింది. కరువింకా చల్లారని 1878లోనే మద్రాసులో ఉప్పు పన్ను మణుగుకు రూపాయి పదమూడణాల నుంచి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెంచారు. కాలువ తవ్విన చేతులు మనవి. అందులో వచ్చిన ఉప్పుకు అందరికంటే బరువుగా పన్ను కట్టిందీ మనమే. ఉన్నవాడైనా లేనివాడైనా తినే ఉప్పు ఇంచుమించు ఒకటే. అందుకే ఆ పన్ను లేనివాడి మీదే ఎక్కువ పడుతుంది.

1930 గురించి అందరూ చదువుకున్నారు. మార్చి 12న గాంధీ దండికి బయలుదేరాడు. పాఠాల్లో అంతగా కనపడని తేదీ ఇంకోటి ఉంది. దానికి సరిగ్గా పది రోజుల ముందు, మార్చి 2న, నాసిక్‌లో కాలారాం గుడి ముందు బాబాసాహెబ్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. అంతకు మూడేళ్ళ ముందు మహాడ్‌లో చెరువు నీళ్ళ కోసం పోరాటం. ఉప్పు సర్కారు చేతుల్లో ఉందని దేశం అప్పుడు గుర్తుపట్టింది. నీళ్ళు, గుడి, చాప ఎవరి చేతుల్లో ఉన్నాయో మన వాళ్ళకు ముందే తెలుసు. ఉప్పు పన్ను 1947లో పోయింది. పెరటి గుమ్మం దగ్గర చట్టి పట్టుకుని నిలబడటం ఆ ఏడాది పోలేదు.

తర్వాత సాగర్ నీళ్ళొచ్చాయి, 1967లో కాలువలకు వదిలారు. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్న పోయి తెల్లన్నం వచ్చింది, కడుపు నిండింది. అది చిన్న విషయం కాదు. కానీ సంగటి పక్కన ఉన్న ఉప్పూ కారం అన్నం పక్కకు కూడా వచ్చింది, దాని పక్కన నిలవ పచ్చడి చేరింది. నాయనమ్మ ఎండాకాలం మిరప కోతల్లో చెమటగా పోగొట్టుకున్న ఉప్పును రాత్రి కూటిలో కొంత తిరిగి తెచ్చుకునేది. అమ్మ ఇప్పుడు చేనికి పోవడం లేదు. చెమట తగ్గింది, ఉప్పు తగ్గలేదు.

ఇదీ నేను అమ్మకు చెప్పిన జవాబు: "నీ తిండిలో తప్పు లేదమ్మా. రేపటి భయంతో వేసుకున్న ఉప్పు అందులో మిగిలిపోయింది. దాన్ని తీసేద్దాం, రుచిని ఉంచుకుందాం."

"ఉప్పు లేని కూడు కూడేందిరా?" అంది అమ్మ. అంది కానీ, దారి కనిపెట్టింది కూడా తనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే ఒక చిన్న చెంచాకు కాస్త తక్కువ. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. మా ఇంట్లో నలుగురం. నాలుగు చెంచాలు దాటకూడదన్నమాట. బయట కొనే వాటిలో కనపడని ఉప్పు ఉంటుంది కాబట్టి అమ్మ ఒక చెంచా తీసేసింది. పొద్దున్నే పాత ఉగ్గుగిన్నెలో మూడు చెంచాలు, తలకొట్టి, పోసి పెడుతుంది. ఆ రోజు ఇంటికంతటికీ అదే. గిన్నె ఖాళీ అయితే ఉప్పు డబ్బా మూత తీయదు.

ఆ మూడు చెంచాలతో రుచి ఎట్లా వస్తుంది? మన దగ్గరున్న వాటితోనే. నిలవ గోంగూర బదులు ఏ పూటకాపూట రోటి పచ్చడి చేస్తుంది. గోంగూర మగ్గబెట్టి, ఎండుమిరపకాయలు, నువ్వులు వేయించి, వెల్లుల్లి దంచి కలిపితే నలుగురికీ పావు చెంచా ఉప్పు సరిపోతుంది. నిలవ ఉండక్కర్లేని పచ్చడికి నిలవ ఉప్పు ఎందుకు? పులుపు ఉన్నచోట నాలుక ఉప్పును అంతగా అడగదు. పప్పులో చింతచిగురో పుల్ల మామిడో వేసి, వెల్లుల్లి తాలింపు పెడుతుంది. ఉప్పు ఉడికేటప్పుడు వేయదు, దించేముందు వేస్తుంది. అప్పుడు కొంచెమైనా నాలుకకు తెలుస్తుంది. మజ్జిగలో అల్లం, కరివేపాకు, పచ్చిమిరపకాయ నలిపి వేస్తుంది, ఉప్పు వేయదు.

ఒట్టి తునకలు మానేయలేదు, కానీ నెలకు ఒకసారి చేసింది. వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టి కడుగుతుంది. గోంగూరతో వండుతుంది, పైన చిటికెడు ఉప్పు కూడా వేయదు. ఎండు చేపలకూ అంతే, వంకాయ, చింతపండు పులుసు. కడిగినా కొంత ఉప్పు లోపల ఉండనే ఉంటుంది. అందుకే ఆ రోజు గిన్నెలో రెండు చెంచాలే.

మొదటి రెండు వారాలు ఇంట్లో అందరం మొహాలు చిట్లించాం. తర్వాత నాలుక అలవాటు పడింది. ఇప్పుడు తిరునాళ్ళలో బజ్జీ తింటే "అబ్బ, ఉప్పు కషాయం" అంటోంది మా పాప.

రెండు జాగ్రత్తలు. కల్లుప్పు, గులాబీ ఉప్పు మంచివని నమ్మకండి, అన్నింటిలోనూ సోడియం దాదాపు అంతే. కొత్తగా వచ్చిన పొటాషియం కలిపిన ఉప్పు బీపీకి మేలే. చైనాలో 600 గ్రామాల్లో చేసిన అధ్యయనం, 2021లో వచ్చింది, దానితో పక్షవాతాలు 14 శాతం తగ్గాయని చూపించింది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, కొన్ని బీపీ మందులు వాడేవాళ్ళకు అది ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనొద్దు. ఉప్పు తగ్గించాం కదా అని మాత్రలు ఆపొద్దు. అమ్మ ఆపలేదు. మొన్న చూస్తే 136/84.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మకో నాయనకో బీపీ చూపించండి. వాళ్ళ నాయనమ్మలు ఏం దాచుకునేవాళ్ళో, ఎందుకు దాచుకునేవాళ్ళో అడిగి రాసుకోండి. మన తిండిని ఎవడైనా తక్కువ చేసి మాట్లాడితే ఆ కాగితం చదివి వినిపించండి. మా నాయనకు ఈ రెండూ చేయలేకపోయాను.

రాత్రి అన్నాలయ్యాక అమ్మ ఉగ్గుగిన్నె బోర్లించి, కొండ వైపు తిరిగి "చేదుకో కోటయ్యా" అనుకుంటూ నడుం వాలుస్తుంది. మళ్ళీ పొద్దున్నే లేచి గిన్నెలో మూడు చెంచాలు పోస్తుంది. తలకొట్టి.

జై భీమ్. వచ్చే భాగం గంజి గురించి.