సంగీత చికిత్స: కృష్ణా డెల్టాలో

రోగి అవసరాన్ని బట్టి పాటను, వాద్యాన్ని, తాళాన్ని వాడి నొప్పి తగ్గించడం, ఆందోళన నెమ్మదింపజేయడం, మాటనో నడకనో తిరిగి దారిలో పెట్టడం సంగీత చికిత్స. విజయవాడ ప్రాంతంలో ఈ మాట ఆసుపత్రి వార్డులో కంటే కచేరీ వేదిక మీదే ముందు వినిపించింది. అందుకే ఇక్కడ దీని చరిత్ర చాలావరకు గాయకుల చరిత్ర.

గానానికీ వైద్యానికీ ఉన్న చుట్టరికం పాతదే. ఆతురాలయంలో ఉండాల్సినవాళ్ల జాబితాలో పాటలో, వాద్యంలో నేర్పరులైనవారిని కూడా చరక సంహిత సూత్రస్థానం 15వ అధ్యాయం చేర్చింది. డెల్టాలో ఈ చుట్టరికం ఎక్కువగా కథల రూపంలో బతికింది. మంగళగిరి దగ్గరి కాజ గ్రామానికి చెందినవారని చెప్పే నారాయణ తీర్థులు తీరని కడుపునొప్పితో తమిళదేశం చేరారనీ, వరహూరులో బాధ తీరాక ‘కృష్ణలీలా తరంగిణి’ రచించారనీ ఐతిహ్యం. ఆ తరంగాలకే కూచిపూడివారు ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచి అడుగులు వేస్తారు. త్యాగరాజు బిలహరి రాగ కీర్తనతో పోయిన ప్రాణం తిరిగొచ్చిందనీ, ముత్తుస్వామి దీక్షితులు శిష్యుడి కడుపునొప్పికి అఠాణా రాగంలో గురుగ్రహ కీర్తన కట్టారనీ గురువులు శిష్యులకు చెబుతూ వచ్చారు. వీటిని భక్తి కథలుగా వింటేనే అందం. వైద్య సాక్ష్యంగా నిలబెడితే అటు కథకూ ఇటు వైద్యానికీ అన్యాయమే.

ఈ కథలు బెజవాడ చేరిన దారి స్పష్టంగానే ఉంది. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి దగ్గర నేర్చుకున్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఈ ప్రాంతం నుంచి సంగీత చికిత్స గురించి గట్టిగా మాట్లాడిన మొదటి పెద్ద పేరు. కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టి, విజయవాడలో పెరిగి, ఎనిమిదేళ్లకే ఇక్కడి త్యాగరాజ ఆరాధనోత్సవంలో పాడారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. మూడు, నాలుగు స్వరాలతోనే రాగాలు కట్టిన మనిషి, రాగం మనసు మీదా ఒంటి మీదా ఏం చేస్తుందో తేల్చుకోవాలని చూడటంలో వింత లేదు. తన పేరిట నెలకొన్న ట్రస్టు లక్ష్యాల్లో కళా పరిశోధనతో పాటు సంగీత చికిత్సనూ చేర్చారు. ఆయన చొరవతో స్విట్జర్లాండ్‌లో కూడా ప్రదర్శన కళల పరిశోధనకు ఒక అకాడమీ ఏర్పడింది. అయితే ఆయన విద్వత్తు చికిత్సకు గౌరవం తెచ్చింది తప్ప, అదే రుజువు కాదు.

చికిత్స అన్న పేరు పెట్టుకోకుండా అలాంటి పని చేసింది రేడియో. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి నుంచి వచ్చే ‘భక్తిరంజని’ భక్తిగీతాల కార్యక్రమాన్ని బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దారు. మంచాన పడ్డవాళ్ల తలదగ్గర ట్రాన్సిస్టర్ పెట్టడం డెల్టా ఇళ్లలో మామూలు సంగతి. ఏ వైద్యుడూ రాసివ్వని మందు అది. మరోవైపు పటమట దత్తాశ్రమానికి వచ్చే భక్తులు గణపతి సచ్చిదానంద స్వామి ‘నాద చికిత్స’ కచేరీలను ఎరుగుదురు. అక్కడ వినేవారికి కలిగే శాంతి నిజమే కావచ్చు గాని, ఒక్కొక్క రోగినీ పరీక్షించి, లక్ష్యం పెట్టుకుని, ఫలితం కొలిచే చికిత్స వేరు.

ఆ వేరు పద్ధతి రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో, గాయపడ్డ సైనికుల ఆసుపత్రుల నేపథ్యంలో రూపు కట్టింది. 1944లో మిచిగన్‌లో డిగ్రీ కోర్సు, 1950లో జాతీయ సంఘం వచ్చాయి. పక్షవాతంతో మాట పడిపోయినవారు కొందరు పాట మాత్రం పాడగలరు. ఆ ఆధారంతో మాటను రాగయుక్తంగా పలికించి మామూలు మాటకు తెచ్చే పద్ధతిని 1973లో బోస్టన్ వైద్యులు ప్రకటించారు. పార్కిన్సన్స్ రోగికి లోపలి లయ తప్పుతుంది, బయట నుంచి తాళం వేస్తే అడుగు సర్దుకుంటుంది. శస్త్రచికిత్సకు ముందు గుబులు, కుంగుబాటు విషయంలో, మామూలు వైద్యానికి తోడుగా, కొంత మేలు కనిపించింది. మందు మానేసి పాట వినమని ఏ పరిశోధనా చెప్పలేదు.

రక్తపోటుకు ఈ రాగం, మధుమేహానికి ఆ రాగం అని పంచాంగంలా చలామణీ అయ్యే జాబితాలకు అంత బలం లేదు. 2006లో ఇటలీలో లూచానో బెర్నార్డీ బృందం 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించింది. వాటిలో భారతీయ రాగమూ ఉంది. ఊపిరి, గుండె వేగం మారింది సంగీతపు జాతిని బట్టి కాదు, ముఖ్యంగా దాని వేగాన్ని బట్టి. అన్నిటికంటే ఎక్కువ విశ్రాంతి మధ్యలో వదిలిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో కనిపించింది. విలంబంలో ఆలాపన చేసి ఆగే గాయకుడికి ఇది కొత్త సంగతి కాదు.

మతిమరుపు ముదిరిన వృద్ధులకు యవ్వనంలో విన్న పాటలే పట్టు. డెల్టాలో అది తరచుగా కీర్తన కాదు, గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన సినీ గాయకుడు ఘంటసాల గొంతు. విజయవాడ సంగీత కళాశాల ఇప్పుడు ఆయన పేరే మోస్తోంది. కానీ ఎంపికలో ఒక మెలకువ అవసరం. ఆయన పాడిన భగవద్గీతను తెలుగువాళ్లు వింటున్నది ఎక్కువగా చావింటి ముందు, వైకుంఠ రథం మైకులో. పడకలో ఉన్న మనిషి చెవిన అది పడితే, ఇంట్లో ఎవరు పోయారని అడుగుతాడు.