కాసులపేరులో కనపడే చరిత్ర

పాత ఫ్రెంచి బంగారు నాణెం చేతిలో పెడితే మా పల్నాడువాళ్ళు మొదట అడిగేది ఒకటే: "ఎన్ని గ్రాములు?" నేనూ నరసరావుపేటవాణ్ణే కాబట్టి ముందు ఆ లెక్క చెప్పేస్తాను. 19వ శతాబ్దపు 20 ఫ్రాంకుల నాణెం 6.45 గ్రాములు, అందులో మేలిమి 5.8 గ్రాములు. మన 8 గ్రాముల కాసు కన్నా తక్కువే.

కానీ నాణేలు సేకరించేవాళ్ళు తూకం దగ్గర ఆగరు, అక్షరాలు చదువుతారు. 1808 దాకా వచ్చిన నెపోలియన్ నాణేల మీద ఒకవైపు "చక్రవర్తి", రెండోవైపు "ఫ్రెంచి రిపబ్లిక్" అని ఉంటుంది. చక్రవర్తి ఏలే రిపబ్లిక్ అన్నమాట! 1809 నుంచి అది "సామ్రాజ్యం" అయింది. "బీబీ" గుర్తుంటే స్ట్రాస్‌బుర్గ్ టంకశాలది. 1870-71 యుద్ధంలో ఆ ఊరు జర్మనీ పాలయ్యాక ఆ గుర్తే ఆగిపోయింది. మన భాషలో నాణెం ఒక లాగ్ ఫైలు. అయితే టైమ్‌స్టాంపుని గుడ్డిగా నమ్మకూడదు. 1907-14 ఏళ్ళు వేసి ఉన్న కోడిపుంజు నాణేల్లో చాలావాటిని 1951-60 మధ్య మళ్ళీ కొట్టారు. (కోడిపుంజు అంటే ఏమవుతుందో పల్నాటివాళ్ళకి వేరే చెప్పాలా!)

మరి మన ఇళ్ళల్లో ఫ్రెంచి నాణేలు ఎందుకు లేవు? 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోవడంతో కోస్తాలో ఫ్రెంచి పెత్తనం ముగిసింది. కాబట్టి మనకి వచ్చింది బ్రిటిషు సవరను. 7.98 గ్రాములు. మన కాసు తూకం దానిదే.

పరదేశపు నాణెం మెడలో వేసుకోవడం మనకి కొత్తేం కాదు. ఇప్పటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, తిబేరియస్ నుంచి కారకల్లా దాకా. అంటే దాదాపు రెండు వందల ఏళ్ళ రోము. ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటికి తాడు గుచ్చుకోడానికి బెజ్జాలు కూడా ఉన్నాయి. వాటిని ఎవరూ మూసలో వేసి కరిగించలేదు కాబట్టే ఈరోజు ఆ పేర్లు చదవగలుగుతున్నాం.

మనం చేస్తున్నది సరిగ్గా దీనికి ఉల్టా. పాత కాసులపేరు తీసుకెళ్ళి కొట్లో ఇస్తాం, తరుగు తీసేసి కొత్త డిజైను ఇస్తారు. పాత డేటా బ్యాకప్ లేకుండా డిలీట్! కొట్టువాడు కట్టేది బంగారానికే, చరిత్రకి పైసా రాదు.

అందుకని ఒక్క మాట. ఇచ్చేముందు భూతద్దంతో సంవత్సరం, గుర్తు చూడండి. సవరను మీద 1918 ఉండి, దాని పైన నేల గీత దగ్గర చిన్న "ఐ" కనపడితే అది బొంబాయి టంకశాలది. బ్రిటిషువాళ్ళు అక్కడ సవరన్లు కొట్టింది ఆ ఒక్క ఏడాదే. విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇంకోటి: వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమ్మమ్మ ఇచ్చింది కదాని దేశం దాటించకూడదు. ఇంట్లోనే దాచండి, ఫోటో తీసి పిల్లలకి చూపించండి.

బంగారం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. కరిగిపోయిన 1918ని ఏ కొట్లో కొంటాం, చెప్పండి?