వరద తర్వాత హైదరాబాదు నగర ప్రణాళిక

పారిస్‌లో హౌస్‌మన్ 1853 నుంచి విశాలమైన రోడ్లతోపాటు భూగర్భ మురుగు కాలువలనూ నిర్మించాడు. లండన్‌ను ఆ దారి పట్టించింది 1858 నాటి థేమ్స్ నది దుర్గంధం. హైదరాబాదులో ఆ పాత్ర 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరదది. విశ్వేశ్వరయ్య సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించింది.

మూసీ అదుపులోకి వచ్చింది సరే, హుస్సేన్‌సాగర్ మిగులు నీటి సంగతేమిటి? ఆ నాలా అశోక్‌నగర్, నారాయణగూడ పరిసరాల గుండా పారి మూసీలో కలుస్తుంది. దాని ఒడ్డునే ఇళ్లు పెరిగాయి. 2000 ఆగస్టు వానలకు అశోక్‌నగర్ మునిగింది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే మీలో కొందరికి ఈ నాలా తెలిసే ఉంటుంది. ఈసారి వంతెన దాటేటప్పుడు, నీటికీ ఇంటి గోడలకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో గమనించండి.