తెల్ల దున్నదూడ స్త్రీ పేరిట ఒక ఇల్లు

మన గూడేల్లో మొగుడి చేతి దెబ్బలు తిన్న ఆడమనిషి పుట్టింటికి పోతుంది. అన్నదమ్ములు నాలుగు రోజులు ఉంచుకుంటారు. తర్వాత పెద్దలు కూర్చుని తప్పు కట్టిస్తారు, మళ్లీ ఆ ఇంటికే పంపిస్తారు. పుట్టిల్లు లేని మనిషి ఎక్కడికి పోవాలి? మనలాగే అడవినీ భూమినీ పోగొట్టుకున్న ఒక తెగ ఆడవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నారు. ఆ చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో లేదు.

అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో రోజ్‌బడ్ రిజర్వేషన్ ఉంది. ఇది ఉద్యోగాల రిజర్వేషన్ కాదు. తెల్లవాళ్లు భూములు లాక్కోగా తెగకు మిగిలిన ప్రాంతాన్ని అక్కడ అలా పిలుస్తారు. అక్కడి సిచాంగు లకోటా ఆడవాళ్లు కొందరు 1977లో ఒక సంఘం పెట్టుకున్నారు. ముందుండి నడిపించిన టిల్లీ బ్లాక్ బేర్ కూడా ఇంట్లో దెబ్బలు తిన్న మనిషే.

సంఘానికి వాళ్లు పెట్టిన పేరు వైట్ బఫెలో కాఫ్ ఉమన్ సొసైటీ. తెల్ల దున్నదూడ స్త్రీ లకోటాల పూజ్యురాలు. వేటకు పోయిన ఇద్దరు మగవాళ్లకు ఆమె కనబడిందట. ఒకడు చెడు తలంపుతో దగ్గరకు పోతే మబ్బు కమ్మి, ఎముకలే మిగిలాయి. రెండోవాడు గౌరవంగా నిలబడ్డాడు. అతని ద్వారా తెగకు కబురు పంపి, పవిత్రమైన చుట్టగొట్టాన్ని తెచ్చిచ్చిందని చెప్పుకుంటారు. ఆలిని కొట్టడం మన ఆచారమే అనేవాళ్లకు ఆ పేరే సమాధానం. మన పురాణంలో ఆడదాని మీద చెడు తలంపు పెట్టుకున్నవాడికి ఏమైందో చూడండి అన్నారు. సంఘం పెట్టడం కంటే ఈ పేరు ఎంచుకోవడమే పెద్ద పని అని మాకు అనిపిస్తుంది. బయటినుంచి వచ్చిన మాటగా దాన్ని ఎవరూ కొట్టిపారేయలేరు కదా.

1978లో టిల్లీ వాషింగ్టన్‌లో పౌరహక్కుల కమిషన్ ముందు సాక్ష్యం చెప్పింది. దేశమంతటి ఆడవాళ్ల కూటమి పుట్టుకలోనూ ఆమె పాలుంది. 1980లో సంఘం మిషన్ అనే ఊళ్లో ఆశ్రయ గృహం తెరిచింది. అమెరికా రిజర్వేషన్లలో అలాంటి ఇల్లు అదే మొదటిది.

ఇల్లు దొరికినా చట్టం అడ్డం వచ్చింది. తెగ కోర్టుకు తెగ బయటివాడి నేరం విచారించే అధికారం లేదని 1978లోనే వాళ్ల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొట్టినవాడు బయటివాడైతే తెగ చేతులు కట్టుకుని చూడాల్సిందే. మన ఏజెన్సీ సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. 2013లో చట్టం మారి, గృహహింస కేసుల్లో కొంత అధికారం తెగలకు తిరిగొచ్చింది. టిల్లీ 2014లో చనిపోయింది.

మన దగ్గర 2005 గృహహింస చట్టం ఉంది. పెళ్లి కాగితం లేకున్నా, పెళ్లి లాంటి సంబంధంలో కలిసి బతికిన ఆడమనిషికి అది వర్తిస్తుంది. గూడెంలో కాగితాలు ఎవరికుంటాయి? అందుకే ఈ మాట మనకు ముఖ్యం. ఆశ్రయం అడిగితే ఆశ్రయ గృహం ఇవ్వాలని అందులోనే ఉంది. జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి, అయిదు రోజుల వరకు ఉండనిస్తారు. జిల్లా కేంద్రం దాకా పోవడానికి బస్సు ఛార్జీ, చంకలో పిల్ల, తోడొచ్చే మనిషి కావాలి. లకోటా ఆడవాళ్లు ఇల్లు తమ ఊళ్లోనే ఎందుకు పెట్టుకున్నారో ఇక్కడ అర్థమవుతుంది.

181 నంబరును మేము బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. చదువురాని తల్లులకు పిల్లలే చదివి చెబుతున్నారు.