దర్ఖాస్తులో మా పేరు

నర్సింగ్ స్కూలు దర్ఖాస్తు ఫారం మా ఆపా వాళ్ళింట్లో బీరువా మీద నాలుగు రోజులుగా పడి ఉంది. ఆపా కూతురు ఇంటర్ పాసైంది. నర్సు కావాలని దాని కోరిక. ఫారం నింపమని నా దగ్గరికి పట్టుకొచ్చింది. మొదటి గడిలోనే చిక్కుపడ్డాం. టెన్త్ మెమోలో ఇంటిపేరు 'షేక్', ఆధార్‌లో 'షైక్'. తల్లి పేరు చివర ఒకచోట 'బీ', ఇంకోచోట 'బేగం'. మా పేర్లు పలకడం రాని సార్లు బడిలో ఎట్లా రాస్తే అట్లా ఉండిపోయినయ్. దర్ఖాస్తు అన్న మాటే మా ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చింది. ఆ దర్ఖాస్తులో మా పేరు సరిగ్గా రాసుకోవడానికి మాత్రం నోటరీ దగ్గర అఫిడవిట్ కావాలి!

పేరు సంగతి తేలకముందే దుల్హాభాయ్ అడ్డం తగిలాడు. "మన ఖాందాన్‌లో ఎవరన్నా చేశారా ఈ పని? పరాయి మగాళ్ళ ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. రాత్రి డ్యూటీలు చెయ్యాలి. రేపు దీనికి సంబంధాలొస్తాయా?"

ఆయన చెడ్డవాడు కాదు. మొహల్లా అనే మాటనే ఆయనా అన్నాడు. కానీ ఆ మాట ఎక్కడ్నించి వచ్చిందో వెతకాలనిపించింది. దీన్ నుంచి వచ్చిందా? లేక ఇంకెక్కడ్నించైనా వచ్చిందా?

దీన్ నుంచైతే రాలేదు. 627లో మదీనా దగ్గర కందకం తవ్వి చేసిన యుద్ధంలో సాద్ బిన్ ముఆజ్ గాయపడ్డాడు. ఆయన్ని రుఫైదా అనే ఆవిడ గుడారంలో ఉంచమని ప్రవక్తే చెప్పారని సీరా గ్రంథాలు రాశాయి. ఆ గుడారం ఊరవతల కాదు, మస్జిద్‌లోనే ఉంది. ఆమె అస్లం తెగ మనిషి. గాయపడ్డవాళ్ళకు సేవ చెయ్యడమే ఆమె పని. ఉమ్మె అతియ్యా అనే ఇంకో ఆవిడ ఏడు దండయాత్రల్లో వెంట నడిచి గాయాలకు మందు కట్టింది. ఈ పేర్లు మన జుమ్మా బయాన్లలో ఎన్నిసార్లు విన్నాం?

మరి ఎక్కడ మారింది? ఈజిప్టు కథ చూద్దాం. 1832లో ముహమ్మద్ అలీ పాషా ఏలుబడిలో, ఫ్రెంచి డాక్టరు క్లో బే కైరో దగ్గర అబూ జాబల్ ఆసుపత్రిలో ఆడవాళ్ళకు వైద్య శిక్షణ బడి పెట్టాడు. ప్రసవాలు చెయ్యడం, మశూచి టీకాలు వెయ్యడం, ఆడ రోగుల్ని చూడడం నేర్పే బడి. ఒక్క పరువుగల కుటుంబమూ కూతుర్ని పంపలేదు. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? బానిసల సంతకు పోయి హబ్షీ, సూడానీ పిల్లల్ని కొనుక్కొచ్చి చేర్చింది. ఆ తర్వాత అనాథ పిల్లల్ని తెచ్చింది. వాళ్ళనెవరూ దర్ఖాస్తు అడగలేదు. ఇష్టమా అని కూడా అడగలేదు. ఆ పిల్లలే చదువుకుని హకీమాలయ్యారు, సైన్యంలో అధికారి హోదా పొందారు. పెళ్ళిళ్ళు కూడా ప్రభుత్వమే వైద్య విద్యార్థులతో చేసింది. షరీఫులు తలుపేసుకుంటే, బానిసలు ఆ దేశపు ఆడవాళ్ళ ప్రాణాలు నిలబెట్టారు.

ఇది జరిగిన 22 ఏళ్ళకు, 1854లో, ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో ఇస్తాంబుల్‌లోని ఉస్కుదార్ బారక్‌లలో దిగింది. లోకానికి ఆమె పేరు తెలిసింది తుర్కుల గడ్డ మీద చేసిన పనితోనే. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర స్కూలు మొదలైంది. ఏడాది శిక్షణ. చేరే అమ్మాయికి మంచి నడత ఉందని రుజువు కావాలి. చేరాక కూడా ఆమె నడతను చిట్టాలో రాసేవాళ్ళు. అంటే నర్సు కావాలంటే నీకేం వచ్చు అని అడిగేముందు నువ్వెవరు అని అడగడం అక్కడే ఆచారమైంది.

ఆ 'ఎవరు' ఎవరికి అడ్డమొచ్చిందో చూడండి. అదే 1854లో జమైకాలో పుట్టిన మేరీ సీకోల్ యుద్ధానికి నర్సుగా వెళ్తానని లండన్‌లో అడిగింది. కలరా రోగులకు సేవ చేసిన అనుభవముంది. అయినా తీసుకోలేదు. ఆమె నల్లమనిషి. సొంత డబ్బుతో క్రిమియా వెళ్ళి సైనికులను చూసుకుంది. అమెరికాలో మేరీ ఎలైజా మహోనీ బోస్టన్‌లోని ఆసుపత్రిలో వంట చేసింది, బట్టలుతికింది, నేల తుడిచింది. పదిహేనేళ్ళ తర్వాత, 1878లో, 33 ఏళ్ళ వయసులో అదే ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరింది. ఆమెతో చేరిన 42 మందిలో 1879కి చివరిదాకా నిలిచింది నలుగురే. వాళ్ళలో ఆమె ఒకరు. అమెరికాలో శిక్షణ పొందిన మొదటి నల్ల నర్సు ఆమె.

మన దేశానికొద్దాం. ఇక్కడ నర్సు చదువు ఎక్కువగా మిషన్ ఆసుపత్రుల గేటులోంచి వచ్చింది. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ళ ఆసుపత్రి కట్టింది. వెల్లూరులో ఐడా స్కడర్ 1909లో నర్సుల బడి పెట్టింది. పై కులాల వాళ్ళు రోగి మలమూత్రాలు ముట్టుకోవడం మైల అన్నారు. ముట్టుకోడానికి ముందుకొచ్చింది ఎక్కువగా క్రైస్తవంలోకి పోయిన మాల మాదిగల ఆడబిడ్డలు. మనం జ్వరమొచ్చినప్పుడల్లా మనకు సూదేసిన చెయ్యి వాళ్ళదే. ఆ రుణం ఒప్పుకోకుండా ఈ చరిత్ర చెప్పడం దొంగతనం.

మరి మనం? పర్దాలో ఉన్న ఆడవాళ్ళ కోసమని 1885లో డఫ్రిన్ ఫండ్ పెట్టి దేశమంతా జనానా ఆసుపత్రులు తెరిచారు. హైద్రాబాద్‌లో విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో పునాది పడింది. పర్దా పేరు చెప్పి ఆడవాళ్ళ ఆసుపత్రి కావాలన్నాం. అదే పర్దా పేరు చెప్పి అందులో పనికి మాత్రం మన బిడ్డల్ని పంపమన్నాం. ఇదేం న్యాయం? 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉంది.

అసలు మనలో ఎవరూ ఈ పని చెయ్యలేదన్నది కూడా అబద్ధం. మా నానీ ఊళ్ళో దాయి. ఇంటింటికీ పోయి పురుళ్ళు పోసింది. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పోయేది, అది నైట్ డ్యూటీ కాదా? కూలీ కింద శేరు బియ్యమో, పాత చీరో ఇచ్చేవాళ్ళు. పురుడు అయ్యేదాకా 'అమ్మా తల్లీ' అన్నవాళ్ళే తెల్లారి పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. అలా దూరం పెట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 'ఖాందాన్' అన్న మాట కింద ఉన్నది కులమే. హిందువుల దగ్గర్నించి తెచ్చుకుని దానికి షరాఫత్ అని పేరు పెట్టుకున్నాం.

ఇదంతా దుల్హాభాయ్‌కి చెప్పాను. నానీ సంగతి వచ్చినప్పుడు తల దించుకున్నాడు. ఆయన పుట్టినప్పుడు బొడ్డు కోసింది కూడా ఆమే.

తర్వాత ఫారం ముందేసుకున్నాం. జి.ఎన్.ఎం. కోర్సు. పదిహేడేళ్ళు నిండాలి. ఇంగ్లీషుతో ఇంటర్ పాసవ్వాలి, నూటికి నలభై రావాలి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టి.సి., స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయం, కులం, డాక్టరిచ్చే ఫిట్‌నెస్. కులం గడి దగ్గర పిల్ల అడిగింది: "ఖాలా, ఇస్లాంలో కులం లేదంటారు కదా?" లేదు బిడ్డా, కానీ తహసీల్ ఆఫీసులో ఉంది. 2007 చట్టంతో షేక్‌లతో సహా మనలో వెనకబడ్డవాళ్ళకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. దూదేకులవాళ్ళది బి.సి.-బి, మెహతర్లది బి.సి.-ఎ. సయ్యద్, పఠాన్, మొగల్‌లకు ఈ జాబితాలో చోటు లేదు. ఒక్క గడిలో మన చరిత్రంతా ఇమిడి ఉంది.

ఒక కాలేజీలో వివరాలకు పోతే గుమస్తా పిల్ల తలమీది దుపట్టా చూసి, "మీవాళ్ళు కూడా వస్తారా దీనికి? అది తీసెయ్యాల్సి ఉంటుంది మరి," అన్నాడు. నర్సు తలమీది తెల్లటోపీ క్రైస్తవ సన్యాసినుల ముసుగు నుంచి వచ్చిందని ఆయనకు తెలీదు. 'సిస్టర్' అన్న పిలుపూ అక్కడిదే. తల కప్పుకోవడం ఈ వృత్తికి కొత్తేం కాదు. అయితే పిల్లకు ఇంకో మాట కూడా చెప్పాను. మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలంటే పొడుగు చేతుల కుర్తా పనికిరాదు. రోగికి సూక్ష్మజీవి అంటకుండా చూడడమూ అమానతే.

ఇప్పుడది రోజూ పొద్దున ఎముకల పేర్లు ఇంగ్లీషులో వల్లె వేస్తోంది. ఉర్దూ మీడియంలో చదివిన పిల్ల. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, అన్నీ మొదటి ఏడాదే మీద పడతాయి. తప్పు పలికితే తమ్ముడు నవ్వుతాడు, అది మళ్ళీ పలుకుతుంది. తెల్లబూట్లకు ఆపా కుట్టుమిషన్ డబ్బుల్లోంచి పక్కన పెడుతోంది.

నోటరీ దగ్గర పేరు టెన్త్ మెమో ప్రకారం 'షేక్' అని ఖాయం చేసుకున్నాం. చివర్లో సంరక్షకుడి సంతకం. దుల్హాభాయ్ పెన్ను తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో, సంతకం పెట్టాడు. సీటు వస్తుందో రాదో ఇంకా తెలీదు. కానీ మా ఇంట్లోంచి ఆ గేటు దాకా పోయిన మొదటి కాగితం అది. మీ మొహల్లాలో బీరువాల మీద పడి ఉన్న ఫారాలుంటే దించండి. ఆఖరి తేదీ దాటకముందే దించండి.