ఎండయు, ఉక్కయు: దత్తమండలమున మన్రో ప్రయాణములు

వేసవి యనగానే మనము ఎండను మాత్రమే తలచుకొందుము. కాని దేశాంతరములు తిరిగినవారికి వేసవి రెండు విధములని తెలియును. ఒకటి ఎండ, రెండవది ఉక్క. నిప్పులు చెరుగు మధ్యాహ్నమున అనంతపురములో వేపచెట్టు నీడ చేరినవాడు కొంతసేపటికి తేరుకొనును. మద్రాసులో నీడ చేరినను ఒంటి చెమట ఆరదు. ఈ భేదమును ప్రయాణములవలన స్వయముగా ఎరిగిన పరదేశి యొకని వృత్తాంతమును నేడు స్మరింతము. ఆయన సర్ థామస్ మన్రో.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో సైనికోద్యోగిగా మద్రాసు రేవున దిగెను. 1792 నుండి బారామహలులో రెవెన్యూ పని నేర్చి, 1799లో పడమటి తీరమునందలి కెనరా జిల్లాకు పోయెను. అక్కడి ఎడతెగని వానలు ఆయనకు సరిపడలేదు. 1800లో నైజాము బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను కుంఫిణీవారికి వదలుకొనెను. ఆ దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురమును తన ముఖ్యస్థానముగా చేసికొని, 1807 వరకు పనిచేసెను.

పడమటి కనుమలు నైరుతి మేఘముల నడ్డగించుటచే ఈ పీఠభూమికి దక్కు వాన స్వల్పము. అనంతపురము జిల్లా సగటు ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. వానలేమి సేద్యమునకు శత్రువే. కాని వేసవిలో బాటసారికి అదియే ఒక విధముగా మేలు చేయును. గాలి పొడిగా నున్నచో చెమట వెంటనే ఆవిరియగును. ఆవిరి పోవునపుడు ఒంటిలోని వేడిని తనతో కొనిపోవును. గాలిలో తేమ నిండియున్నచో చెమట కారునే గాని ఆరదు, దేహము చల్లబడదు. కనుకనే నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు వేడిమితోపాటు తేమను కూడ లెక్కించి ప్రమాదమును నిర్ణయించుచున్నారు.

ఈ సూత్రమును మన పెద్దలు పేరు పెట్టకయే వాడుకొనిరి. మట్టికూజాలోని నీరు చల్లబడుట దాని చెమ్మ పైకి ఊరి ఆరుటవలననే. వాకిట వట్టివేళ్ల తడికె కట్టి నీరు చల్లినచో వడగాలియే చల్లగాలి యగును. ఆంగ్లేయులు ఈ తడికెను మన దేశమున నేర్చి విరివిగా వాడిరి. అయితే గాలి ఎంత పొడిగా నున్న తడికె అంత చక్కగా పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో దాని ప్రభావము తగ్గును. అచ్చట గాలిని కదలించు పంకాయే శరణ్యము. ఒకచోటి ఉపాయము వేరొకచోట చెల్లదని ఇందువలన తెలియుచున్నది.

ఆహారమునందును ఇట్టి వివేకమే కలదు. ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ, రాగి అంబలి చెమటతో పోయిన నీటిని, ఉప్పును తిరిగి కూర్చును. తలపాగా ఎండను ఆపును. ప్రయాణము వేకువను గాని, దివిటీల వెలుగున రాత్రివేళ గాని సాగెడిది. మధ్యాహ్నము చింతతోపులోనో సత్రములోనో మజిలీ.

మన్రో దత్తమండలములకు వచ్చిన మొదటి నాలుగేండ్లు ఇంటిలో నివసింపక, గుడారములలోనే ఉండి ఊరూరు తిరిగెను. భూమి కొలతలు, రైతువారీ పన్నుల నిర్ణయము అట్లే సాగినవి. పన్నుల భారమును గూర్చి చరిత్రకారులలో భేదాభిప్రాయములున్నను, రైతు మొర చెవినిడిన అధికారియని ఈ సీమ ఆయనను తలచుకొనెను. బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిన కుటుంబములు కలవు.

1820లో మద్రాసు గవర్నరైన మన్రో, స్వదేశమునకు మరలబోవుచు, 1827 మే నెలాఖరున దత్తమండలములను కడసారి చూడ బయలుదేరెను. ఎండను ఓర్చుట ఆయనకు క్రొత్త కాదు. కాని గుత్తి చేరునప్పటికే పరివారమున కలరా ప్రబలి భటులు మరణించుచుండిరి. జూలై 6న పత్తికొండ మజిలీలో ఆయనకును వ్యాధి సోకెను. ఆ రాత్రియే కన్నుమూసెను. గుత్తిలో సమాధి చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి.

కలుషితమైన నీటివలన కలరా వ్యాపించునని లండనులో జాన్ స్నో నిరూపించినది 1854లో. కోఖ్ పండితుడు దాని క్రిమిని గుర్తించినది 1883-84లో. మన్రో నాటికి ఆ జ్ఞానము లేదు. వేసవిలో బాటసారి ఎక్కువ నీరు త్రాగక తప్పదు. ఆ నీరే ప్రాణము నిలుపును, ఆ నీరే ప్రాణము తీయును. ఎండనుండి కాపాడుకొనుటకు తడికె, తలపాగా, మజ్జిగ చాలును. నీటి విషయమున మాత్రము శుభ్రతయే రక్ష.

మన్రో మరణించిన పత్తికొండలో ప్రభుత్వము ఆయన జ్ఞాపకార్థము చెట్లతోపును పెంచి, రాతిమెట్ల బావిని కట్టించెను. కరవు పీఠభూమిపై నడచు బాటసారికి నీడయు, నీరును! ఈ సీమలో ఇంతకంటె తగిన స్మారకము వేరొకటి యుండదని మేము తలంతుము.