తీర్పరి కాని మధ్యవర్తి: కుటుంబ వివాదాల్లో రాజీ స్వరూపం

తెలుగులో ‘మధ్యవర్తి’ అన్న ఒక్క మాట నలుగురికి చెల్లుతోంది. పెళ్లి సంబంధం కుదిర్చేవాడు మధ్యవర్తి. పోలీసు పంచనామాపై సంతకం పెట్టేవాడూ మధ్యవర్తే. ఆర్బిట్రేషన్‌లో అవార్డు ఇచ్చేవాడికీ, మీడియేషన్‌లో ఇరుపక్షాలను మాట్లాడించేవాడికీ అదే పేరు. కుటుంబ వివాదాల పరిష్కారంపై చర్చ ఈ మాట దగ్గరే దారి తప్పింది. కోర్టు మీడియేషన్ కేంద్రం పాత రచ్చబండకు కొత్త రూపమేనన్న వాదం పుట్టింది ఇక్కడే.

ఆ వాదం నిలవదు. రచ్చబండ దగ్గర పెద్దమనిషి తీర్పరి. రెండు వైపులా విని, తప్పెవరిదో తేల్చి, తప్పు కట్టిస్తాడు. చాలాసార్లు సంబంధం కుదిర్చిందీ ఆయనే కనుక, కాపురం చెడితే ఆయన మాటా పోతుంది. ‘సర్దుకుపో అమ్మా’ అన్న హితవు కోడలి వైపే నడవడానికి కారణం అదే. మీడియేటరుకు ఆ అధికారమూ లేదు, ఆ బరువూ లేదు. రాజీని రుద్దరాదని 2023 మీడియేషన్ చట్టం స్పష్టంగా చెప్పింది. అక్కడ మాట్లాడినది గోప్యమంది. రచ్చబండకు గోప్యత అన్న ఊహే లేదు.

అసలు తేడా కాలంలో ఉంది. పెద్దల పంచాయితీ ఒక్క సాయంత్రంలో ముగుస్తుంది. చట్టం మాత్రం రాజీని కావాలనే ఆలస్యం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 సవరణతో భార్యపై క్రూరత్వానికి సంబంధించిన 498ఎ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించింది. అయితే దరఖాస్తు పెట్టాక కనీసం 3 నెలలు గడవాలని, ఈలోగా ఏ పక్షమూ వెనక్కి తగ్గకూడదని షరతు పెట్టింది. హిందూ వివాహ చట్టం 13బి కింద పరస్పర అంగీకార విడాకులకు 6 నెలల విరామం ఉన్నదీ ఇందుకే. తగిన కేసుల్లో ఆ విరామాన్ని కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పినా మూలసూత్రం మారలేదు: ఆవేశంలో అన్న ‘సరే’ సమ్మతి కాదు.

రాజీపత్రం రాసే తీరులోనూ రెంటి మధ్య తేడా కనిపిస్తుంది. ‘ఇద్దరూ సఖ్యంగా ఉండాలి’ అన్న వాక్యం పంచాయితీ కాగితానికి చాలు. మీడియేషన్ ఒప్పందానికి చాలదు. సారెగా వచ్చిన బీరువా, మంచం, ఇత్తడి బిందెలు ఎవరివి? ఆదివారం పిల్లను తండ్రి ఎన్నింటికి తీసుకెళ్లాలి, ఏ గుమ్మం దగ్గర తిరిగి దింపాలి? భరణం ఏ తేదీన, ఏ ఖాతాలో పడాలి? ఇంత చిన్నగా తేల్చుకున్నచోట మళ్లీ గొడవకు సందు మిగలదు.

హింస ఉన్న ఇంట్లో ముఖాముఖి మాట్లాడించడం బెదిరింపుకే తోడ్పడవచ్చన్న అభ్యంతరం సరైనదే. మిగతా తగాదాల్లో మాత్రం తీర్పు ఒకరిని గెలిపిస్తుంది, మీడియేషన్ ఇద్దరినీ మాట్లాడుకునే స్థితిలో ఉంచుతుంది. విడిపోయాక కూడా పిల్లకు తల్లిదండ్రులుగా మిగలాల్సినవారికి కావలసింది ఆ స్థితే. కాబట్టి మీడియేషన్‌ను రచ్చబండకు వారసురాలిగా కాక, దానికి దిద్దుబాటుగా చూడాలి.